మత్తు అలవాటున్న మనిషికి ఇన్ఫెక్షన్ రాకుండా, వస్తే ముదరకుండా చూసుకోవడం ఎలా

తాగుడో, గంజాయో, సూదులో ముందు మాన్పిద్దాం, మిగతా వైద్యం తర్వాత చూద్దాం అని చాలా ఇళ్లలో వాయిదా వేస్తుంటారు. ఆ వరస తిరగెయ్యాలి. మత్తుకు అలవాటైన మనిషికి వచ్చే నిమోనియా, టీబీ, కాలేయపు వైరస్, చీముపట్టిన గాయం లాంటివి మాన్పించేదాకా ఆగవు. మానినా మానకపోయినా కింద చెప్పిన పనులు ఈ వారమే మొదలుపెట్టొచ్చు. ఇది ఇంట్లో చూసుకునే అమ్మకో, భార్యకో, అన్నకో, గదిలో కలిసి ఉండే స్నేహితుడికో రాసింది. వాడే మనిషే చదువుతుంటే ప్రతి మాటా తనకు నేరుగా వర్తిస్తుంది.

ఏ మత్తు ఎక్కడ దెబ్బ కొడుతుంది

ముందు ఏం వాడుతున్నాడో, ఏ దారిన తీసుకుంటున్నాడో తెలుసుకోండి. తాగుతున్నాడా, పీలుస్తున్నాడా, మింగుతున్నాడా, పొడుచుకుంటున్నాడా అన్నదాన్ని బట్టే ప్రమాదం మారుతుంది.

మందుతో (అంటే ఆల్కహాల్‌తో) మొదలుపెడదాం, ఎందుకంటే మన దగ్గర అందరికంటే ఎక్కువమందికి ఉన్నది అదే. శ్వాసనాళాల లోపల దుమ్మునూ క్రిముల్నీ పైకి తోసే సన్నటి నూగు ఉంటుంది. మందు దాన్ని మొద్దుబారుస్తుంది. ఊపిరితిత్తుల గాలిగదుల్లో క్రిముల్ని మింగేసే మాక్రోఫేజ్ కణాలు నెమ్మదిస్తాయి. ఎముక మజ్జలో తెల్లకణాల తయారీ తగ్గుతుంది. పేగుగోడ సందులు వదులై, లోపలి బ్యాక్టీరియా ముక్కలు రక్తంలో కలిసి కాలేయానికి చేరతాయి. రోజూ తాగకపోయినా, ఒక్క రాత్రి మితిమీరి తాగితే క్రిములతో పోరాడే శక్తి దాదాపు ఒక రోజు పాటు తగ్గే ఉంటుంది.

లెక్క కూడా చూడండి. 42.8 శాతం ఆల్కహాల్ ఉన్న 180 మి.లీ. క్వార్టర్‌లో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. రోజుకు 40 గ్రాములు దాటి తాగేవాళ్లకు టీబీ వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే దాదాపు 3 రెట్లు. రోజూ క్వార్టర్ వేసేవాణ్ని ‘ఏదో కొంచెం తాగుతాడు’ అనుకోకూడదు. డాక్టరు అడిగినప్పుడు ఆ మాట అసలే చెప్పకూడదు.

నల్లమందు జాతి మందులది ఇంకో దారి. ట్రమడాల్, టపెంటడాల్ లాంటి నొప్పి బిళ్లలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, బ్రౌన్ షుగర్ (ముడి హెరాయిన్), పెంటజోసిన్ ఇంజెక్షన్ అన్నీ ఈ కోవలోవే. ఇవి అంటుకునే గ్రాహకాలు మెదడులోనే కాదు, రోగనిరోధక కణాల మీద కూడా ఉన్నాయి. అందులో మార్ఫిన్ లాంటివి క్రిముల్ని చంపే కణాల పనిని నేరుగా తగ్గిస్తాయి. వాటితోపాటు దగ్గును అణచేస్తాయి, ఊపిరిని నెమ్మదింపజేస్తాయి. బయటికి రావాల్సిన కళ్లె లోపలే ఉండిపోయి నిమోనియాకు దారి తీస్తుంది. పేగు కదలిక తగ్గి మలబద్ధకం వస్తుంది, పేగులోని బ్యాక్టీరియా రక్తంలోకి జారే అవకాశం పెరుగుతుంది.

గంజాయి, సిగరెట్, బీడీ పొగ శ్వాసనాళాల నూగును కాలుస్తుంది. పొగాకు టీబీ ముప్పును దాదాపు రెట్టింపు చేస్తుంది. సరిగా ఆరని గంజాయికి పట్టే బూజులో ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ ఉండొచ్చు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు, కీమో తీసుకునేవాళ్లకు అది ఊపిరితిత్తుల్లో ఫంగస్ జబ్బు తెస్తుంది. చిలుం నోటినుంచి నోటికి మారితే జలుబు, ఫ్లూ, నోటిపుండ్ల వైరస్ అంటుకుంటాయి. టీబీ అంటుకునేది మాత్రం చిలుం వల్ల కంటే, తలుపులు మూసిన గదిలో గంటలకొద్దీ ఒకరి గాలి ఒకరు పీల్చడం వల్ల. వైట్నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చే పిల్లల విషయంలో ముక్కు, నోటి చుట్టూ పుండ్లు, మానని దగ్గు గమనించండి.

సూది సంగతి వేరు. అక్కడ మందుకన్నా సూదే పెద్ద ప్రమాదం కాబట్టి దాన్ని విడిగా చూద్దాం.

మొదటి పని: చీటీ మీద నిజం రాసుకోవడం

ఆసుపత్రికి వెళ్లే ముందు ఒక కాగితం మీద 5 విషయాలు రాయండి. ఏం వాడుతున్నాడు (తెలిస్తే బిళ్ల పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఖాళీ స్ట్రిప్ ఉంటే అదే తీసుకెళ్లండి). రోజుకు ఎంత, ఎన్నేళ్లుగా. ఏ దారిన. చివరిసారి ఎప్పుడు, గంటతో సహా. ఇప్పుడు వాడుతున్న మిగతా మందులు, ఎవరో వేసిన ఇంజెక్షన్లతో సహా.

చివరిసారి ఎప్పుడన్న ప్రశ్నకు బదులు తప్పితే వైద్యమే దారి తప్పుతుంది. నిన్నటిదాకా రోజూ తాగి ఈ రోజు ఆగిన మనిషికి చేతులు వణికి, గుండె దడదడలాడి, చెమటలు పడితే అది ఇన్ఫెక్షన్ కావచ్చు, మందు ఆగినందువల్ల కావచ్చు, రెండూ కావచ్చు. దాచిపెడితే డాక్టరు ఒక్కదానికే వైద్యం చేస్తాడు.

పరువు భయం ఉంటే పక్కవాళ్ల ముందు చెప్పనక్కర్లేదు, చీటీ డాక్టరు చేతికివ్వండి. పోలీసుల భయం ఉంటే ఇది తెలుసుకోండి: 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, వాడకం కేసులోనో తక్కువ పరిమాణం కేసులోనో ఉన్న వ్యసనపరుడు తనంతట తానే ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనో మాన్పించే చికిత్స తీసుకుంటే విచారణనుంచి మినహాయింపు ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ మినహాయింపు రద్దు కావచ్చు. హెచ్‌ఐవీ ఫలితాన్ని మనిషి అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. ఇంటివాళ్లకు చెప్పాలన్నా ఆ అనుమతి కావాలి, కాబట్టి రిపోర్టు మీ చేతికివ్వలేదని కౌంటర్ దగ్గర గొడవ పడొద్దు.

రెండో పని: ఒక్క రక్తపు డ్రాతో ఎన్ని తెలుస్తాయో అన్నీ అడగడం

తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రి, చిత్తూరులో జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి ఈ పనికి సరిపోతాయి. ఓపీ చీటీ రాయించుకుని జనరల్ మెడిసిన్‌కు వెళ్లి, ఈ పరీక్షలు కావాలని అడగండి: సీబీసీ (రక్తకణాల లెక్క), కాలేయ పరీక్ష, షుగర్, హెచ్‌బీఎస్‌ఏజీ (కాలేయపు వైరస్ హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పేది), ఇంకో కాలేయపు వైరస్ హెపటైటిస్ సికి యాంటీబాడీ, హెచ్‌ఐవీ, ఛాతీ ఎక్స్‌రే. హెచ్‌ఐవీ పరీక్ష ఐసీటీసీ (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్ష) గదిలో ఉచితం, ముందూ వెనకా కౌన్సెలర్ మాట్లాడతారు.

రిపోర్టు వచ్చాక చూడాల్సినవి. తెల్లకణాలు 4,000 నుంచి 11,000 మధ్య ఉంటే మామూలు. జ్వరముండి కూడా 4,000 కంటే తక్కువుంటే ‘హమ్మయ్య, పెరగలేదు’ అనుకోకండి. తాగే మనిషిలో మజ్జ చేతులెత్తేసిన గుర్తు కావచ్చు అది, కణాలు పెరిగినదానికంటే చెడ్డది. న్యూట్రోఫిల్స్ (తెల్లకణాల్లో ఒక రకం) 500 లోపు ఉండి జ్వరముంటే ఆ రోజే అడ్మిట్ కావాలి. కాలేయ పరీక్షలో ఎస్‌జీఓటీ అంకె ఎస్‌జీపీటీకి రెట్టింపు దాటితే తాగుడు వల్ల కాలేయం దెబ్బతిన్నదని అనుమానం. ప్లేట్‌లెట్లు తక్కువుంటే అది డెంగీయే అనుకోనక్కర్లేదు, రోజూ తాగేవాళ్లకు తాగుడు వల్లే తగ్గి ఉండొచ్చు. అందుకే ఒంట్లో బాగున్న రోజు ఒక సీబీసీ తీయించి దాచిపెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర వానలు, దోమలు ఎక్కువ. ఆ రోజుల్లో జ్వరమొస్తే పాత అంకె పక్కన పెట్టి చూడటానికి డాక్టరుకు అది చాలా పనికొస్తుంది.

హెపటైటిస్ సి విషయంలో అందరూ పొరబడేది ఒకటుంది. యాంటీబాడీ పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకసారి వైరస్ సోకిందని మాత్రమే. దాదాపు పావువంతు మందికి అది తనంతట తానే పోతుంది. ఇప్పుడు ఉందా లేదా తేల్చేది రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచే వైరల్ లోడ్ పరీక్ష. అది చేయించకుండా మందులు మొదలుపెట్టరాదు, భయపడనూరాదు. ఉందని తేలితే సోఫోస్‌బువిర్, డక్లాటస్‌విర్ బిళ్లలు సాధారణంగా 12 వారాలు, కాలేయం గట్టిపడి ఉంటే కొందరికి 24 వారాలు. నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ పరీక్షలూ మందులూ ఉచితం. మొదలుపెట్టే ముందు హెచ్‌బీఎస్‌ఏజీ తప్పక చూడాలి. హెపటైటిస్ బి కూడా ఉంటే, సి తగ్గుతున్న సమయంలో బి విజృంభించవచ్చు.

నెగటివ్ వచ్చినా ఒక మెలిక ఉంది. సోకిన వెంటనే పరీక్ష పట్టుకోదు. హెచ్‌ఐవీకి 3 నెలల దాకా, హెపటైటిస్ సి యాంటీబాడీకి కొందరిలో 6 నెలల దాకా పట్టవచ్చు. చివరిసారి సూది పంచుకున్న తేదీ నుంచి లెక్కపెట్టి మళ్లీ చేయించండి.

మూడో పని: టీకాలు

హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్ అయితే హెపటైటిస్ బి టీకా: ఈ రోజు, నెల తర్వాత, 6 నెలలకు, భుజం కండలోకి 1 మి.లీ. చొప్పున. 6 నెలలు మనిషి నిలకడగా దొరకడనుకుంటే 0, 7, 21 రోజుల పద్ధతి ఉంది, ఏడాదికి నాలుగో డోసు వేస్తారు. తాగేవాళ్లలో, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో టీకా సరిగా పట్టకపోవచ్చు. చివరి డోసు అయ్యాక ఒకట్రెండు నెలలకు యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష చేయిస్తే, 10 దాటితే పట్టినట్టు. రెండో డోసు మరిచి 4 నెలలైనా మొదటినుంచి వేయనక్కర్లేదు, ఆగినచోటి నుంచే కొనసాగించాలి.

ధనుర్వాతం టీకా 10 ఏళ్లకొకసారి. మురికి గాయమైతే, పాతది వేసి 5 ఏళ్లు దాటితే మళ్లీ. రోజూ తాగేవాళ్లకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు న్యూమోకాకల్ టీకా, ఏటా ఫ్లూ టీకా అడగండి. ఇవి ఎక్కువగా బయట కొనాల్సి వస్తుంది.

జ్వరం వచ్చిన రోజు

ఇంట్లో డిజిటల్ థర్మామీటర్, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్ ఉంచుకోండి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే జ్వరం. నొప్పి బిళ్లలు ఆపినవాళ్లకు ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్లు జలదరించడం, కండ నొప్పులు, విరేచనాలు వస్తాయి, అచ్చం ఫ్లూలానే. కానీ వాటికి ఎక్కువ జ్వరం ఉండదు. థర్మామీటర్ 101 చూపిస్తుంటే ‘మానేశాడు కదా, అందుకే’ అని సరిపెట్టుకోవద్దు.

జ్వరం లేకపోవడం కూడా భరోసా కాదు. బాగా చిక్కిన తాగుబోతు మనిషికి ఇన్ఫెక్షన్ ముదిరినా ఒళ్లు చల్లగానే ఉండొచ్చు. అందుకని ఊపిరి లెక్కపెట్టండి: గడియారం పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం, ఛాతీ ఎన్నిసార్లు లేస్తుందో. 22 దాటినా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, మాట పొంతన లేకపోయినా అదే రోజు ఆసుపత్రి. ఊపిరి 30 దాటినా, ఆక్సిజన్ 90 లోపు పడినా, ఒంటికి రెంటికి పోకుండా మగతగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. దీనికి తిరగబడి, ఊపిరి నిమిషానికి 10 కంటే తగ్గి, కంటిపాప చుక్కంత అయితే అది నల్లమందు జాతి మందు ఎక్కువైన గుర్తు. దానికి నలోక్సోన్ అనే విరుగుడు ఆసుపత్రిలో ఉంటుంది, 108 వాళ్లకు ఆ మాట స్పష్టంగా చెప్పండి.

మత్తులో పడిపోయిన మనిషిని వెల్లకిలా వదలకండి. ఎడమ పక్కకు తిప్పి, పైకాలు మోకాలి దగ్గర మడిచి, గడ్డం కొంచెం పైకెత్తి పడుకోబెట్టండి. వాంతి ఊపిరితిత్తుల్లోకి దిగితే అన్నం, ఆమ్లం, నోటి క్రిములు అన్నీ కలిసి వెళ్తాయి, రెండు మూడు రోజులకు కంపు కొట్టే కళ్లెతో నిమోనియా బయటపడుతుంది. నిమ్మరసం, మజ్జిగ, కాఫీ పోసి మత్తు దించాలని చూడటం ఆ నిమోనియాను చేజేతులా తెచ్చుకోవడమే.

జ్వరానికి పారాసిటమాల్ సరే, కానీ రోజూ తాగేవాళ్లకు 24 గంటల్లో 500 మిల్లీగ్రాముల బిళ్లలు 4 దాటకూడదు. డెంగీ కాదని తేలేదాకా డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ ముట్టొద్దు. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే ఆ రోజుల్లోనూ, ఆపాక 3 రోజులూ ఆల్కహాల్ తాగితే ముఖం ఎర్రబడి వాంతులు, దడ రావొచ్చు. ఆ సంగతి ముందే చెప్పండి, లేకపోతే వాంతుల మీద నెపం పెట్టి యాంటీబయాటిక్ ఆపేస్తాడు.

వీధి చివర క్లినిక్‌లో ‘డెక్సా కలిపి ఒక సూది’ వేయించుకోవడం మన ఊళ్లలో మామూలే. డెక్సామెథసోన్ స్టెరాయిడ్. జ్వరం దిగుతుంది, ఆకలేస్తుంది, మనిషి లేచి కూర్చుంటాడు. అసలే బలహీనపడ్డ రోగనిరోధక శక్తి ఇంకా పడిపోతుంది, లోపల టీబీ ఉంటే విస్తరిస్తుంది. వేయించుకుని ఉంటే సిగ్గుపడకుండా చీటీలో రాయండి.

సూది వాడుతున్నవాళ్ల విషయంలో

హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది. హెపటైటిస్ సి సిరంజి లోపల వారాల తరబడి బతికి ఉంటుందని పరీక్షల్లో తేలింది. నీళ్లతో కడగడం, నిప్పు మీద చూపడం వల్ల సిరంజి శుభ్రం కాదు. ఇంకా ఒక సంగతి: సిరంజి వేరైనా, నీళ్ల గిన్నె, దూది, చెంచా ఒకటే అయితే హెపటైటిస్ సి అంటుకుంటుంది. ‘నా సూది నాదే’ అనేవాళ్లకు వైరస్ వచ్చేది ఎక్కువగా ఈ దారినే.

బిళ్లలు నలిపి ఎక్కించుకుంటే ఇంకో చిక్కు. బిళ్లను గట్టిగా పట్టి ఉంచే టాల్క్, పిండి నీటిలో కరగవు. అవి ఊపిరితిత్తుల సన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, గుండె కవాటాలను గీరుతాయి, ఆ గీరిన చోట చర్మం మీది స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా వచ్చి గూడు కడుతుంది. పెంటజోసిన్ పదే పదే పొడిచిన చోట కండ చెక్కలా గట్టిపడి, లోతైన మానని పుండ్లు పడతాయి. బ్రౌన్ షుగర్‌లో నిమ్మరసం వాడేవాళ్లకు క్యాండిడా ఫంగస్ రక్తంలోకి వెళ్లి కంట్లో దిగొచ్చు. చూపు మసకబారి, కళ్ల ముందు నల్లచుక్కలు తేలితే ఆ రోజే కంటి డాక్టరు చూడాలి. సూదిని నోటితో తడపడం వల్ల నోటి బ్యాక్టీరియా నేరుగా రక్తంలోకి పోతుంది.

ఇప్పుడే మానలేనంటే ఆ మనిషితో కనీసం ఇవి చేయించండి. ప్రతిసారీ కొత్త సిరంజి, తన సొంత నీళ్లు, సొంత దూది. ముందు సబ్బుతో చేతులు, పొడిచే చోటు కడగాలి, స్పిరిట్ దూదితో ఒకవైపుకే తుడిచి 30 సెకన్లు ఆరనివ్వాలి. తీశాక పొడి దూదితో అదమాలి, అప్పుడు స్పిరిట్ వద్దు. మెడ, గజ్జల జోలికి పోకూడదు. కొత్త సిరంజిలు ఉచితంగా ఇచ్చే టీఐ ప్రాజెక్టులు, నాలుక కింద పెట్టే బుప్రెనార్ఫిన్‌తో సూది మాన్పించే ఓఎస్‌టీ కేంద్రాలు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద నడుస్తాయి. దగ్గరలో ఎక్కడుందో 1097కు ఫోన్ చేసి అడగండి, ఉచితం. పొడుచుకోవడం ఆగితే హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి వచ్చే దారి మూసుకుపోతుంది కాబట్టి, ‘ఒక మత్తు బదులు ఇంకో మత్తు ఇస్తున్నారు’ అని ఇంటివాళ్లు దాన్ని అడ్డుకోవడం తెలివితక్కువ పని.

వాడిన సూదికి మూత మళ్లీ పెట్టొద్దు. మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ముప్పావు నిండగానే మూత బిగించి ఆసుపత్రిలో ఇవ్వండి. మున్సిపాలిటీ చెత్తబండిలో వేస్తే గుచ్చుకునేది పారిశుధ్య కార్మికుల చేతికే. ఇంట్లో ఎవరికైనా గుచ్చుకుంటే నొక్కి రక్తం పిండొద్దు, డెట్టాల్, స్పిరిట్ పోయొద్దు. సబ్బు, పారే నీళ్లతో కడిగి వెంటనే క్యాజువాలిటీకి వెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా ఆపే పీఈపీ మందులు మొదటి రెండు గంటల్లో మొదలైతే మేలు, 72 గంటలు దాటితే పనికిరావు. 28 రోజులు మానకుండా వేసుకోవాలి.

పొడిచిన చోట వాపు, ఎరుపు, వేడి ఉంటే పెన్నుతో దాని అంచు చుట్టూ గీత గీయండి, సమయం రాయండి. 12 గంటల్లో ఎరుపు గీత దాటితే వెళ్లాలి. చీముగడ్డను పిసకొద్దు, బ్లేడుతో కోయొద్దు. లోపలి చీము రక్తంలోకి పోతుంది. పైకి కొద్దిగా ఎర్రగా ఉన్నా నొప్పి భరించలేనంత ఉంటే, చర్మం నల్లబడుతుంటే, నొక్కితే కరకరమంటే కండను తినేసే ఇన్ఫెక్షన్ కావచ్చు. అది గంటల లెక్కన పాకుతుంది, సర్జరీ విభాగం ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లండి.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పిపోయేది గుండె కవాటపు ఇన్ఫెక్షన్. వారం పదిరోజులు తగ్గుతూ, మళ్లీ వస్తూ ఉండే జ్వరం, రాత్రి చెమటలు, ఊపిరి తీస్తే పక్కటెముకల దగ్గర పోటు, కొంచెం దగ్గు. ఛాతీ ఎక్స్‌రేలో అక్కడక్కడ మచ్చలు చూసి టీబీ అని మొదలుపెట్టేస్తారు. బయట రెండు రోజులు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ వేయించుకుని వస్తే రక్తంలో క్రిమి పరీక్షకు దొరకదు, వైద్యం గుడ్డిగా చేయాల్సి వస్తుంది. సూది అలవాటున్న మనిషికి కారణం తెలియని జ్వరమైతే, ఏ యాంటీబయాటిక్ పడకముందే 3 చోట్ల నుంచి బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమి పరీక్ష), ఆపైన ఎకో (గుండె స్కాన్) అడగండి. వైద్యం 4 నుంచి 6 వారాల నరపు ఇంజెక్షన్లు. మధ్యలో మత్తు కోసం ఆసుపత్రి నుంచి పారిపోవడం ఇక్కడ పెద్ద సమస్య. అందుకే అడ్మిట్ అయిన రోజే మానసిక వైద్య విభాగం డాక్టరును పిలిపించి, విత్‌డ్రాయల్‌కు (మత్తు ఆగినప్పుడు వచ్చే బాధలకు) మందు రాయించండి.

దగ్గు రెండు వారాలు దాటితే

సిగరెట్ దగ్గులే అనుకోకుండా కళ్లె పరీక్ష చేయించండి. రెండు శాంపిళ్లు: ఒకటి అక్కడికక్కడే, ఒకటి మర్నాడు పొద్దున పళ్లు తోమకముందు. ఆరుబయట నిలబడి, లోతుగా ఊపిరి పీల్చి దగ్గి, ఉమ్మి కాకుండా కళ్లె తెప్పించాలి. ఉమ్మి ఇస్తే పరీక్ష నెగటివ్ వస్తుంది, టీబీ ఇంట్లోనే ఉంటుంది. సీబీనాట్, ట్రూనాట్ యంత్రాల్లో ఆ టీబీ క్రిమి రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకు లొంగుతుందో లేదో కూడా తెలుస్తుంది.

టీబీ మందులు 6 నెలలు. ఆల్కహాల్ తాగుతూ ఇవి వేసుకుంటే కాలేయం దెబ్బతినే ముప్పు ఎక్కువ కాబట్టి మొదలుపెట్టే ముందు, తర్వాత మధ్యమధ్య కాలేయ పరీక్ష కావాలి. వాంతులు, కళ్లు పచ్చబడటం కనబడితే బిళ్లలు ఆపి ఆ రోజే వెళ్లండి. ఓఎస్‌టీ మీద ఉన్నవాళ్లకు రిఫాంపిసిన్ బుప్రెనార్ఫిన్ బలాన్ని తగ్గించి, మళ్లీ ఒళ్లునొప్పులు, ఆవలింతలు తెస్తుంది. మనిషి ‘టీబీ మందు పడటం లేదు’ అని ఆపేస్తాడు. సరి చేయాల్సింది ఓఎస్‌టీ డోసు. హెచ్‌ఐవీ మందుల్లో డోల్యుటెగ్రవిర్ ఉంటే రిఫాంపిసిన్ ఉన్నన్నాళ్లు అది రోజుకు రెండుసార్లు పడాలి. టీబీ సెంటర్‌కూ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల) సెంటర్‌కూ రెండు కార్డులూ చూపించే పని మీదే. చికిత్స ఉన్నన్నాళ్లు పోషణకు నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి, ఆ ఖాతా ఎవరి పేరున ఉండాలన్నది మొదట్లోనే ఆలోచించుకోండి. ఇంట్లోని అందరికీ టీబీ పరీక్ష చేయించి, లేదని తేలితే రాకుండా ఆపే మందు అడగండి.

కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా

పసరు మందుకు తీసుకెళ్లడం మన వైపు పాత అలవాటు. తాగే మనిషికి కామెర్లు వస్తే ఆ వారం రోజులు పోగొట్టుకోవద్దు. పొట్టలో నీరు చేరిన మనిషికి జ్వరమో, కడుపునొప్పో, తికమకో మొదలైతే ఆ నీటికే ఇన్ఫెక్షన్ సోకి ఉండొచ్చు. సూదితో కొంచెం నీరు తీసి పరీక్షిస్తారు. న్యూట్రోఫిల్స్ 250 దాటితే వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ‘నీరు తీస్తే మనిషి పోతాడు’ అన్న మాట నమ్మి సంతకం పెట్టకపోవడం వల్లే ఆలస్యమవుతుంది. రుయాలో చూపించాక గ్యాస్ట్రో (పేగు, కాలేయ జబ్బుల) డాక్టరు కావాలంటే స్విమ్స్ ఆసుపత్రి అక్కడికి దగ్గరే.

హెపటైటిస్ బి ఉందని తేలితే భార్యకూ పిల్లలకూ పరీక్ష, టీకా. కంచం, గ్లాసు వేరుచేయనక్కర్లేదు. షేవింగ్ బ్లేడు, టూత్‌బ్రష్, గోళ్ల కత్తెర వేరు చేయాలి.

మాన్పించేటప్పుడు

అయ్యప్ప మాల వేయిస్తే 41 రోజులు ముట్టడు, అలాగే మానేస్తాడు అని చాలామంది ఆశ. అప్పుడప్పుడు తాగేవాడికి అది బాగానే పనిచేస్తుంది. పొద్దున లేవగానే చేతులు వణికి, తాగితేనే కుదుటపడే మనిషి మాత్రం ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల్లో మతిభ్రమ, జ్వరం, దడ రావొచ్చు. అది ప్రాణం తీస్తుంది. అలాంటివాణ్ని మాలకు వారం ముందు రుయాలోనో చిత్తూరు ఆసుపత్రిలోనో మానసిక వైద్య విభాగానికి చూపించి, మందుల సాయంతో దించాలి. గ్లూకోజ్ సెలైన్ పెట్టే ముందు థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్ పడాలి, బయట సెలైన్ పెట్టించేవాళ్లు ఇది మరిచిపోతారు. బి1 లేని ఒంట్లోకి ఒక్కసారిగా గ్లూకోజ్ వెళ్తే మెదడు దెబ్బతినొచ్చు.

తిరుమల కొండమీద మందు, సిగరెట్, గుట్కా నిషేధం, అలిపిరిలో తనిఖీ ఉంటుంది. రోజూ తాగే మనిషిని రెండు మూడు రోజుల మొక్కుకు తీసుకెళ్లాలంటే ముందు డాక్టరుతో మాట్లాడండి. నడకదారిలో ఫిట్స్ వస్తే ఎత్తుకుని దించడం తేలిక కాదు.

తిండి విషయంలో పెద్ద శాస్త్రం లేదు. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ అందాలి. 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములు, గుప్పెడు శెనక్కాయల్లో 7 గ్రాములు. సంగటిలోకి పప్పో, అనపగింజల కూరో, మాంసమో ఉంటే చాలావరకు సరిపోతుంది. కాలేయం దెబ్బతిన్నవాళ్లు రాత్రి పడుకునే ముందు కూడా ఏదైనా తినాలి. వారాలుగా తిండి లేని మనిషికి మాత్రం మొదటి రోజే కడుపునిండా పెట్టొద్దు. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం ఒక్కసారిగా పడిపోయి గుండె లయ తప్పుతుంది. కొద్దికొద్దిగా పెంచుతూ నాలుగైదు రోజులు తీసుకోండి.

మాన్పించడానికి సలహాకు 14446, మనసు కుదురు లేకపోతే 14416, రెండూ ఉచితం. 1972 అనేది గంజాయి, మత్తుమందులు అమ్మేవాళ్ల గురించి చెప్పడానికి పెట్టిన నంబరు. చికిత్సకు దానికి ఫోన్ చేసి కంగారుపడకండి.

మానేశాక మళ్లీ జారినా టీకాలూ టీబీ మందులూ హెచ్‌ఐవీ మందులూ ఆపొద్దు. తాగిన రోజు కూడా హెచ్‌ఐవీ బిళ్ల వేసుకోవచ్చు, వేసుకోవాలి. హెపటైటిస్ సి మందులు పూర్తయ్యాక 12 వారాలకు వైరల్ లోడ్ చేయించి, లేదని తేలితేనే నయమైనట్టు. ఒకసారి తగ్గినంత మాత్రాన రెండోసారి రాదని లేదు. సూది మళ్లీ పట్టిన మనిషికి ఏటా పరీక్ష కావాలి, అప్పుడు యాంటీబాడీ పరీక్షకు డబ్బు తగలేయొద్దు. అది నయమయ్యాక కూడా పాజిటివ్‌గానే ఉంటుంది. వైరల్ లోడే అడగండి.